అందరికీ టీకాలేసే వాళ్లు ఫ్లూ టీకాకు దూరమెందుకు?

క్లుప్తంగా: వైద్య సిబ్బంది ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. మన దేశంలో ఇది సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. అందుకే మిగతా టీకాల్లా పీహెచ్‌సీకి సరఫరా కాదు, కావాలంటే కొనుక్కోవాలి. ఆసుపత్రుల్లో కనిపించే విముఖతకు అపనమ్మకం కొంతవరకే కారణం. జబ్బు కంటికి కనబడకపోవడం, టీకాను ఎదురుగా తెచ్చిపెట్టే ఏర్పాటు లేకపోవడం అంతకంటే పెద్ద కారణాలు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఈ విషయం సిబ్బంది సొంత ఆరోగ్యంతో ఆగిపోదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సబ్‌సెంటర్‌కు వెళ్లినా ఏఎన్‌ఎంకు టీకాల పట్టిక కంఠతా వచ్చు. పుట్టగానే బీసీజీ, ఆరు వారాలకు పెంటావాలెంట్ మొదటి డోసు, తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ అంటూ కార్డు చూడకుండా చెప్పేస్తారు. అదే మనిషిని ఈ ఏడాది మీరు ఫ్లూ టీకా వేయించుకున్నారా అని అడిగితే సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి "అదెక్కడ దొరుకుతుందండీ", రెండోది "మనకెందుకండీ అది". చర్చ జరిగినప్పుడల్లా అందరూ రెండో జవాబునే పట్టుకుంటారు. చదువుకున్న వాళ్లే ఇలా అంటే ఎలా అని నిష్ఠూరమాడతారు. నిజానికి మొదటి జవాబుకే బరువెక్కువ. రెండోది కూడా ఊరికే పుట్టింది కాదు.

టీకాల పట్ల వెనకంజను పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2014లో మూడు అంశాలను గుర్తించింది. టీకా మీద, ఇచ్చే వ్యవస్థ మీద నమ్మకం ఒకటి. ఆ జబ్బు మనల్నేం చేస్తుందిలే అన్న ధీమా రెండోది. టీకా ఎంత దగ్గర్లో, ఎంత తక్కువ ఖర్చుకు, ఏ వేళకు దొరుకుతుందన్న సౌలభ్యం మూడోది. ఫ్లూ విషయంలో మన ఆసుపత్రుల్లో ఈ మూడూ కలిసే పనిచేస్తున్నాయి, కాకపోతే సమాన పాళ్లలో కాదు.

కనబడని జబ్బు

జలుబుకు మందులేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అన్న చమత్కారం ఓపీ గదుల్లోనూ వినబడుతుంది. ఫ్లూను కూడా ఆ జలుబు ఖాతాలోనే వేసేయడం అలవాటు. ఇందుకు వైద్య విధానం కూడా ఒక కారణం. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఫ్లూ లక్షణాలున్న రోగులను ఎ, బి, సి అని మూడు వర్గాలు చేస్తాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే ఎ వర్గం. వీరికి పరీక్ష అక్కర్లేదు, ఇంట్లోనే విశ్రాంతి. జ్వరం తీవ్రంగా ఉన్నా, రోగి గర్భిణి, వృద్ధులు, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వారిలాంటి ముప్పున్న వర్గమైనా బి కిందకు వస్తారు. అవసరాన్ని బట్టి ఫ్లూ వైరస్‌కు వాడే ఒసెల్టామివిర్ మందు మొదలుపెడతారు తప్ప వీరికీ పరీక్ష ఉండదు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, బీపీ పడిపోవడం, గోళ్లు నీలంగా మారడం వంటివి కనిపించిన సి వర్గానికే ఆసుపత్రిలో చేర్చి పరీక్ష చేస్తారు.

వనరుల దృష్ట్యా ఇది సరైన పద్ధతే. అయితే దాని నీడ మరోచోట పడుతుంది. ఓపీలో చూసిన వందలాది జ్వరాల్లో ఫ్లూ ఎంతో నర్సుకు గానీ డాక్టర్‌కు గానీ ఎప్పటికీ తెలియదు. చీటీ మీద "వైరల్ ఫీవర్" అని రాసి పంపేస్తారు. వానాకాలంలో డెంగీ, సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు మలేరియా, మధ్యలో స్క్రబ్ టైఫస్ వస్తుంటే కిట్లన్నీ వాటి కోసమే తెరుస్తారు. పేరు లేని జబ్బుకు భయం ఉండదు. 2009లో దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లో బయటపడినప్పుడు, మళ్లీ 2015 తొలి నెలల్లోనూ "స్వైన్ ఫ్లూ" అన్న పేరు వినగానే మాస్కుల కోసం పరుగెత్తిన ఆసుపత్రులే ఇవి. ఆ హెచ్1ఎన్1 వైరస్సే ఇప్పుడు మామూలు సీజనల్ ఫ్లూలో ఒక రకంగా ఏటా తిరుగుతోంది.

సిబ్బందికి తమ సొంత జబ్బు కూడా కనబడదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో నాలుగు ఆసుపత్రుల సిబ్బంది రక్తాన్ని 1993–94 చలికాలానికి ముందూ తరువాతా పరీక్షించారు. 518 మందిలో 120 మందికి, అంటే 23 శాతానికి, ఆ సీజన్‌లో ఫ్లూ సోకినట్టు తేలింది. వారిలో 59 శాతం మందికి తమకు ఫ్లూ వచ్చిందన్న సంగతే గుర్తులేదు. 28 శాతం మందికి అసలు ఏ జలుబూ దగ్గూ వచ్చినట్టే తెలియదు. "నాకు ఎప్పుడూ ఫ్లూ రాలేదు" అనే మాటను ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి. లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ బయటకు వస్తుంది, తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు వస్తూనే ఉంటుంది. మనిషి డ్యూటీలో ఉండగానే ఇదంతా జరిగిపోతుంది.

"సగమే పనిచేస్తుందట కదా"

ఈ అభ్యంతరంలో నిజం ఉంది. టీకాలో పెట్టిన రకాలకూ ఊళ్లో తిరిగే రకాలకూ పొంతన కుదిరిన ఏడాది ఫ్లూ టీకా జబ్బును 40 నుంచి 60 శాతం మేర తగ్గిస్తుంది. కుదరని ఏడాది ఇంకా తక్కువ. తట్టు టీకా స్థాయి రక్షణకు అలవాటుపడిన ఆరోగ్య కార్యకర్తకు ఇది నాసిరకం సరుకులాగే అనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తే ఈ చిన్నచూపు ఎలా పుడుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు వంద మంది సిబ్బంది ఉన్న ఆసుపత్రిలో, టీకా లేకపోతే సీజన్‌లో పది మందికి ఫ్లూ వస్తుందనుకుందాం. అందరికీ టీకా వేస్తే, అది సగం పనిచేస్తే, ఐదుగురికి వస్తుంది. తప్పించుకున్న ఆ ఐదుగురు ఎవరో వారికే తెలియదు. వచ్చిన ఐదుగురు మాత్రం "వేయించుకున్నా వచ్చింది" అని క్యాంటీన్‌లో చెబుతారు. పైగా ఆ వందమందిలో కనీసం పదిమందికి, ఒక్కోసారి సగానికి పైగా, ఒకటి రెండు రోజులు భుజం నొప్పి ఉంటుంది. లాభం మౌనంగా ఉంటుంది, నష్టమే మాట్లాడుతుంది. వచ్చిన వారిలో కూడా జబ్బు తీవ్రత తగ్గే అవకాశం ఉంటుంది గానీ, అది పోల్చి చూసుకోవడానికి వీలుకాని విషయం.

మరి రక్షణ ఇంత పరిమితంగా ఎందుకుంటుంది? ఫ్లూ వైరస్ పై పొరలోని ప్రొటీన్లు ఏటా కొద్దికొద్దిగా మారిపోతుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి రాబోయే సీజన్‌లో ఏ రకాలు పెట్టాలో సూచిస్తుంది. తయారీకి నెలలు పడుతుంది. ఈలోగా వైరస్ మరికాస్త మారితే పొంతన తప్పుతుంది. అదీగాక టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలల్లో తగ్గుముఖం పడతాయి. అందుకే ఏటా వేయించుకోవాల్సి వస్తుంది. ఒక్కసారి పూర్తిచేస్తే చాలనుకునే హెపటైటిస్-బి కోర్సుతో దీన్ని పోల్చుకున్నప్పుడు విసుగు రావడం సహజం.

"సూది వేసుకున్నాకే జ్వరమొచ్చింది"

కండరానికి ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. దాని వల్ల ఫ్లూ రావడం అసాధ్యం. అయినా ఈ మాట పుట్టడానికి మూడు దారులున్నాయి. మొదటి రెండు రోజుల్లో వచ్చే ఒళ్లునొప్పులు, కొద్దిపాటి వెచ్చదనం రోగనిరోధక శక్తి స్పందన. టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు కావాలి కాబట్టి ఆ మధ్యలో వార్డులో అంటుకున్న ఫ్లూ రావొచ్చు. ఇక సీజన్‌లో తిరిగే రైనోవైరస్, ఆర్‌ఎస్‌వీ వంటి జలుబు, దగ్గు తెచ్చే ఇతర వైరస్‌లను ఈ టీకా అసలు ఆపదు. వానలు మొదలయ్యాక టీకా వేస్తే చివరి రెండు దారులూ బాగా తెరుచుకుంటాయి. అంటే ఆలస్యంగా వేయడం వల్ల టీకాకు చెడ్డపేరు కూడా వస్తుంది.

నరాల బలహీనత తెచ్చే గిలన్ బారే సిండ్రోమ్ గురించిన భయం డాక్టర్లలోనూ ఉంది. పది లక్షల డోసులకు ఒకటి రెండు అదనపు కేసులు ఉండొచ్చన్నది అంచనా. ఫ్లూ జబ్బు వల్ల ఈ సిండ్రోమ్ వచ్చే అవకాశం అంతకంటే ఎక్కువ. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలెర్జీ వచ్చిన వారు మాత్రం దీన్ని వేయించుకోకూడదు. కోడిగుడ్డు పడని వారికి ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇప్పటికే చెప్పేసింది.

కోవిడ్ టీకా ఎలా చేరింది, ఇది ఎలా చేరట్లేదు

2021 జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు మొదటి వరుసలో వైద్య సిబ్బందే ఉన్నారు. తొలి రోజుల్లో వెనకాముందాడినా తరువాత ఆశా కార్యకర్త నుంచి సూపరింటెండెంట్ దాకా వేయించుకున్నారు. అప్పుడున్న వాళ్లే ఇప్పుడూ ఉన్నారు. మారింది చుట్టూ ఉన్న ఏర్పాటు. పేర్ల జాబితా ముందే కోవిన్‌లో ఎక్కింది, టీకా ఉచితం, సెషన్ పనిచేసే చోటే, ఎవరు మిగిలారో పైవారు రోజూ అడిగేవారు. అన్నిటికీ మించి జబ్బు కళ్లెదుట ఉంది. హెపటైటిస్-బికి కూడా ఒక దారి ఉంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో వైద్య సిబ్బందికి టీకా ఒక భాగం. చేతికి సూది గుచ్చుకున్న ప్రతిసారీ ఆ భయం గుర్తుకొస్తుంది.

ఫ్లూకు ఇవేవీ లేవు. హెచ్1ఎన్1 రోగులను చూసే సిబ్బందికి టీకా వేయించాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది గానీ, సార్వత్రిక కార్యక్రమంలో లేని టీకాకు సరుకు కోరుతూ పంపే నెలవారీ ఇండెంటూ, లక్ష్యమూ, నివేదికలో గడీ ఉండవు. మెడికల్ షాపులో బ్రాండును బట్టి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా ఉంటుంది. అదీ అన్ని షాపుల్లో ఉండదు, తెప్పించాలి. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే శానిటేషన్ కార్మికురాలికి ఇది కొన్ని రోజుల కూలి. వార్డులో కఫం గిన్నెలు ఎత్తేది, పక్కలు మార్చేది ఆమే. జ్వరమొస్తే సెలవు పెట్టుకోలేనిదీ ఆమే, సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది కాబట్టి. విముఖత గురించి చేసే సర్వేలు సాధారణంగా డాక్టర్లు, నర్సుల దగ్గర ఆగిపోతాయి. అడగని వారి విముఖతను ఎవరూ కొలవలేరు.

ఉద్దానం లెక్క వేరు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. చుట్టుపక్కల డయాలసిస్ కేంద్రాలూ నడుస్తున్నాయి.

డయాలసిస్ గదిని ఫ్లూ కోణంలో చూడాలి. రోగి వారానికి రెండు మూడుసార్లు వస్తారు, ఒక్కో విడత నాలుగు గంటలు. మంచాలు పక్కపక్కనే ఉంటాయి, ఏసీ కోసం తలుపులు మూసి ఉంటాయి. డయాలసిస్ కోసం చేతిలో సిద్ధం చేసిన రక్తనాళంలో (ఫిస్టులా) సూది పెట్టేటప్పుడు టెక్నీషియన్ ముఖానికి రోగి ముఖం మూరెడు దూరంలో ఉంటుంది. ఒక షిఫ్టు దిగగానే మరో షిఫ్టు ఎక్కుతుంది. జలుబుతో వచ్చిన టెక్నీషియన్ ఒక్క రోజులో ఎంతమంది దగ్గరకు వంగుతారో లెక్క వేసుకోవచ్చు. రోగి ఇంట్లో ఉండిపోదామన్నా కుదరదు, డయాలసిస్ తప్పితే ప్రాణం మీదకొస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరిన వారిలో టీకాకు రోగనిరోధక స్పందన ఆరోగ్యవంతుల కంటే బలహీనంగా ఉంటుంది. వారికి టీకా వేయాల్సిందే, కానీ దాని మీదే భారం వేసి ఊరుకోవడానికి లేదు. చుట్టూ ఉన్న వారి నుంచి వైరస్ రాకుండా చూడడం రెండో అడ్డుకట్ట.

ఇక్కడ ఒక సందేహాన్ని దాచకూడదు. సిబ్బందికి టీకా వేస్తే రోగులకు ఎంత మేలు అన్న ప్రశ్నపై బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల్లో వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ప్రయోగాలు జరిగాయి. సిబ్బందికి టీకా ఇచ్చిన చోట్ల మరణాలు తగ్గినట్టు కనిపించింది. ఆ తగ్గుదల అంతా ఫ్లూ ఆగడం వల్లనే అనడానికి ల్యాబ్ ఆధారాలు చాలలేదని విమర్శకులు తప్పుపట్టారు. మేలు ఉందన్నది సబబైన ఊహే, ఎంతన్నది వివాదం. టీకా వేయించుకోని నర్సును రోగి ప్రాణం తీసేవారిగా చిత్రించే ప్రచారం అందువల్ల న్యాయం కాదు, పనిచేయదు కూడా. జలుబు రోజున మాస్కు, జ్వరం రోజున జీతంతో సెలవు, ఏటా టీకా అనే మూడూ కలిస్తేనే డయాలసిస్ గదికి రక్షణ.

సిబ్బంది కొరత కోణం కూడా తక్కువది కాదు. మూడు షిఫ్టులకు ముగ్గురు స్టాఫ్ నర్సులున్న పీహెచ్‌సీలో ఒకరు ఐదు రోజులు మంచం పడితే మిగతా ఇద్దరూ పన్నెండేసి గంటలు చేయాలి.

మరో ప్రభావం గర్భిణుల మీద. ఆరు నెలల లోపు పసివాళ్లకు ఫ్లూ టీకా లేదు, తల్లికి గర్భంలో ఉండగా వేస్తేనే బిడ్డకు కొంత రక్షణ. తాను వేయించుకోని టీకాను ఇతరులకు చెప్పడానికి ఆరోగ్య కార్యకర్తకు నోరు రాదు. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షన్ గురించి నాలుగుసార్లు గుర్తుచేసే వాళ్లు దీని ఊసెత్తకపోవడానికి ఇదొక కారణం.

ఏ నెలలో, ఏ టీకా

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలోనూ ఆ వెంటనే మరోసారి. ఉత్తరాంధ్రలో ఈ రెండూ జనం గుమికూడే రోజులతో కలుస్తాయి. చెన్నై, హైదరాబాద్‌ల నుంచి వలస కుటుంబాలు తిరిగొచ్చే సంక్రాంతి, అరసవల్లి రథసప్తమి మొదటి దఫాలో పడతాయి. దసరా తర్వాత వచ్చే విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం రెండో దఫా చివర్లో పడుతుంది.

ఏడాదికి ఒక్కసారే వేయాలంటే వానలకు ముందు, ఏప్రిల్–మే నెలల్లో వేయడం మేలు. ఆ సమయానికి దొరికే కొత్త సరుకు "సదరన్ హెమిస్ఫియర్" అని, ఆ సంవత్సరం పేరుతో ఉంటుంది. "నార్దర్న్ హెమిస్ఫియర్" అని రెండు సంవత్సరాల పేరుతో ఉండే సరుకు అక్టోబరు ప్రాంతంలో వస్తుంది. మే నెలలో కిందటి అక్టోబరు సరుకును తగ్గింపు ధరకు ఇస్తామంటే పెట్టె మీద సీజన్ చూసి తిప్పి పంపడమే మంచిది. నాలుగు వైరస్ రకాలకు బదులు మూడే ఉన్న టీకా కనిపిస్తే పాతదని అనుమానించనక్కర్లేదు. బి-యమగాటా అనే ఫ్లూ వైరస్ రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా ఖాయంగా కనబడకపోవడంతో దాన్ని తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నుంచి చెబుతోంది.

నిల్వ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య. మే ఎండల్లో అందరూ వేడికి భయపడతారు గానీ ఎక్కువ ప్రమాదం గడ్డకట్టడం వల్ల. పెంటావాలెంట్ గడ్డకట్టిందేమోనని ఏఎన్‌ఎంలు సీసా ఊపి చూసే షేక్ టెస్ట్ ఇక్కడ పనికిరాదు. ఆ పరీక్ష అల్యూమినియం లవణం కలిపిన టీకాలకే చెల్లుతుంది, మామూలు ఫ్లూ టీకాలో అది ఉండదు. గడ్డకట్టి కరిగిన సిరంజి చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది. కాబట్టి షాపు నుంచి తెచ్చేటప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను వెంటనే క్యారియర్‌లో పెట్టకూడదు. చెమట పట్టి, ఊపితే లోపల నీటి చప్పుడు వినబడే దాకా బయట ఉంచాలి.

తప్పనిసరి చేస్తే సరిపోదా

అమెరికాలో సియాటెల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2005లో టీకాను ఉద్యోగ షరతుగా మార్చింది. వేయించుకున్న వారు దాదాపు 98 శాతానికి చేరారు. 2019–20లో అమెరికా వైద్య సిబ్బంది మొత్తంలో ఇది సుమారు 80 శాతం. ఆసుపత్రి తప్పనిసరి చేసిన చోట 94 శాతం దాటింది. కెనడాలో "టీకా లేదా మాస్కు" విధానం తెచ్చినప్పుడు ఒంటారియోలో నర్సుల సంఘం సవాలు చేసి 2015లో గెలిచింది. బలవంతం లేని బ్రిటన్‌లో కోవిడ్ మొదటి చలికాలంలో 75 దాటిన శాతం ఆ తర్వాత సగం లోపుకు జారింది. వరుసపెట్టి టీకాలతో విసిగిపోవడం ఇందుకు ఒక కారణమని అక్కడి చర్చ.

మన దగ్గర ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని సుప్రీంకోర్టు 2022 మే 2న కోవిడ్ టీకాల కేసులో తేల్చింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన, తగిన పాటి ఆంక్షలకు మాత్రం వీలుంచింది. అయితే చట్టం కంటే ముందు మరో చిక్కుంది. టీకా కొని ఇవ్వకుండా తప్పనిసరి అనడం జీతంలో కోతే అవుతుంది. తెచ్చి పెట్టాక ఎంతమంది కాదంటారో చూడకుండానే ఆదేశం దాకా వెళ్లడం తొందరపాటు.

ఒక ఆసుపత్రి మొదలుపెట్టాలంటే

రెండు వందల మంది సిబ్బంది ఉన్న ఆసుపత్రికి షాపు ధరల లెక్కన రెండు నుంచి నాలుగు లక్షల రూపాయలు కావాలి. టోకున కొంటే తగ్గించమని అడగొచ్చు. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ తీర్మానం చేయడం దగ్గర్లో ఉన్న దారి. జాబితాలో జీతాల రిజిస్టరు ఒక్కటే చూస్తే శానిటేషన్, సెక్యూరిటీ, డయాలసిస్ ఏజెన్సీ టెక్నీషియన్లు, నర్సింగ్ విద్యార్థులు జారిపోతారు. హాజరు పట్టీలన్నీ కలపాలి.

సెషన్ ఒక గదిలో పెట్టి రమ్మంటే డ్యూటీ వదిలి వచ్చేవారు తక్కువ. ట్రాలీ వార్డులకే వెళ్లాలి. రాత్రి షిఫ్టు మారే ఎనిమిది గంటల వేళ ఒకసారి తప్పక తిరగాలి. తొలి సూది సూపరింటెండెంట్, నర్సింగ్ సూపరింటెండెంట్ అందరి ముందూ వేయించుకుంటే మాటలతో పని తగ్గుతుంది. డోసు అర మిల్లీలీటరు, భుజం కండరానికి. తెలిసిన వాళ్లే కదా అని వరండాలో నిలబడి, బిగుతు జాకెట్టు చేతిని పైకి లాగి వేయడం మామూలుగా జరిగే పొరపాటు. భుజం ఎముక కొన నుంచి రెండు మూడు వేళ్లు కిందకు వేయాల్సిన సూది మరీ పైన పడితే కీలు దగ్గర వాపొచ్చి నెలల తరబడి చెయ్యెత్తలేరు. అలాంటిది ఒక్కటి జరిగితే ఆ వార్డులో మరుసటి ఏడాది ఎవరూ ముందుకు రారు. ఇద్దరూ కూర్చోవాలి, భుజం పూర్తిగా బయటపడాలి, తర్వాత 15 నిమిషాలు అక్కడే ఉండాలి. తీవ్ర అలెర్జీ వస్తే వాడే అడ్రినలిన్ ఉన్న కిట్ ట్రాలీ మీదే ఉండాలి.

వద్దన్న వారి చేత కారణం రాయించిన చిన్న కాగితం తీసుకోవడం కొన్ని దేశాల్లో ఉన్న పద్ధతి. శిక్షకు కాకుండా కారణాలు తెలుసుకోవడానికి వాడితే ఉపయోగం. "భయం" అని రాసిన వారికి, "ఆ రోజు సెలవులో ఉన్నాను" అని రాసిన వారికి చేయాల్సింది ఒకటి కాదు. ఏప్రిల్ రెండో పక్షంలో సూది పడాలంటే సొసైటీ తీర్మానం, కొటేషన్లు, ఆర్డరు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పూర్తవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగింపు హడావుడిలో ఈ ఫైలు పక్కకు పోతే సరుకు చేతికొచ్చేసరికి జూన్ వానలు మొదలవుతాయి.